పలకని వారిని పిలవడం: సౌదీ ఆసుపత్రుల్లో నర్సు మాట

2020 అక్టోబరులో సౌదీ రాజకుటుంబం నుంచి ఒక చిన్న వీడియో బయటికి వచ్చింది. మంచం మీద కదలకుండా పడి ఉన్న యువకుణ్ణి ఒక స్త్రీ కంఠం పలకరిస్తుంది. అతని వేళ్ళు నెమ్మదిగా పైకి లేస్తాయి. ఆ కంఠం మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ లేస్తాయి. ఆ యువకుడు అల్‌వలీద్ బిన్ ఖాలిద్ బిన్ తలాల్. 2005లో, 15 ఏళ్ళ వయసులో, లండన్‌లో జరిగిన కారు ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలి స్పృహ కోల్పోయాడు. యంత్రాలు తొలగించడానికి తండ్రి ఒప్పుకోలేదు. పత్రికలు ‘నిద్రించే రాజకుమారుడు’ అని పేరు పెట్టిన అతడు, దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత, 2025 జూలై 19న మరణించాడు.

ఆ వీడియోను లోకమంతా ఒక రుజువుగానే చూసింది. వేళ్ళు లేచాయి కాబట్టి లోపల మనిషి ఉన్నాడని కొందరు వాదించారు. అది అసంకల్పిత చలనం మాత్రమే కావచ్చునని మరికొందరు అన్నారు. ఈ రెండు వాదనలలోనూ ఒకే లోపం ఉంది. మనిషిని మనిషిగా పలకరించాలంటే ముందు అతను జవాబు చెప్పగలగాలి అన్న షరతును రెండూ చడీచప్పుడు లేకుండా అంగీకరించాయి. వేళ్ళు లేవని వేల పూటల్లో, ఒళ్ళు తుడిచేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు, గొట్టంలో చేరిన కఫం తీసేటప్పుడు, ఆ మంచం దగ్గర ఎవరు ఏ భాషలో ఏమని పలికారన్న ప్రశ్న చర్చకు రాలేదు. సౌదీ ఆసుపత్రుల విషయంలో ముందుగా అడగవలసింది అదే. అక్కడ తరచుగా రోగిది ఒక భాష, నర్సుది వేరొక భాష, కేస్ షీటుది మూడో భాష.

సౌదీ వైద్య వ్యవస్థ దశాబ్దాలుగా విదేశీ నర్సుల మీద ఆధారపడి నడిచింది. ఫిలిప్పీన్స్, భారతదేశాల నుంచి వెళ్ళినవారి సంఖ్య ఎక్కువ. భారతీయులలో కేరళవారిది పెద్ద వాటా. వారి వెనక తెలుగువారూ ఉన్నారు. 2015లో, వలస అనుమతి తప్పనిసరి అయిన దేశాలకు నర్సుల నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారానే జరపాలని భారత ప్రభుత్వం నిర్దేశించింది. ఇప్పుడు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌కాప్ ఆ పని చూస్తున్నాయి. సర్టిఫికెట్ల పరిశీలన కోసం డేటాఫ్లో, లైసెన్సు కోసం సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాల్టీస్ పరీక్ష. ఆ పరీక్ష ఇంగ్లీషులో, నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకునే పద్ధతిలో ఉంటుంది. మందు మోతాదు అడుగుతుంది, ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు అడుగుతుంది. చనిపోతున్న ఒక అరబ్బు ముసలమ్మను ఏమని పిలవాలో అడగదు. అడగాలని ఎవరికైనా తోచినా, నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నగా దానిని మలచడం కష్టమే.

ఈ విషయం మీద వెలువడిన పరిశోధనలను చదివితే, అవి ఈ ప్రశ్నకు చాలా దగ్గరిదాకా వచ్చి పక్కకు తిరిగిపోయాయని అనిపిస్తుంది. ఫిల్ హాలిగన్ 2006లో ‘జర్నల్ ఆఫ్ క్లినికల్ నర్సింగ్’లో ప్రచురించిన అధ్యయనం తరచుగా ఉదహరింపబడుతుంది. సౌదీ ఐసీయూలో పనిచేసిన ఆరుగురు నర్సుల అనుభవాలను అందులో లోతుగా విన్నారు. మూడు ఇతివృత్తాలు తేలాయి: కుటుంబం, బంధుత్వాలు, సంస్కృతి, మతం, నర్సుకూ రోగికీ నడుమ సంబంధం. నిజాయితీ గల పని అది. పరాయి దేశంలో నర్సు పడే ఒత్తిడిని సానుభూతితో పట్టుకుంది. అయితే ఐసీయూలో భాష రాని నర్సు కష్టాన్ని ఇలాంటి అధ్యయనాలు ‘అవరోధం’గా లెక్కిస్తాయి. అవరోధం అన్న మాటలోనే ఒక ఊహ దాగి ఉంది: ఇటు నుంచి అటు ఒక సమాచారం చేరాలి, మధ్యలో గోడ ఉంది, గోడ తీస్తే సరిపోతుంది. స్పృహ ఉన్న రోగి విషయంలో ఇది నిజమే. నొప్పి ఎక్కడుందో తెలియాలి, మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పాలి. ఒక దుబాసీ ఉంటే పని జరుగుతుంది. వెంటిలేటర్ మీద కళ్ళు మూసుకొని ఉన్న మనిషికి చేరవలసిన సమాచారం ఏమిటి? అక్కడ దుబాసీని పిలిపించే నర్సు ఎవరు? ఆ మంచం దగ్గర మాటకు సమాచారం చేరవేసే పని చాలా తక్కువ. అక్కడ మాట చేసే పని పిలవడం, అంటే సంబోధన.

శాండ్రా లవరింగ్ సిడ్నీ విశ్వవిద్యాలయానికి 2008లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం మరో వైపు నుంచి వచ్చింది. సౌదీలో చాలాకాలం పనిచేసిన ఆమె, అరబ్బు ముస్లిం నర్సులకు సేవ అంటే ఏమిటో వారినే అడిగి తెలుసుకున్నారు. వారి దృష్టిలో సేవ దైవభక్తి నుంచి విడదీయరానిదని ఆమె నిర్ధారణ. దాని ఆధారంగా ‘క్రెసెంట్ ఆఫ్ కేర్’ అనే నమూనాను రూపొందించారు. పాశ్చాత్య నర్సింగ్ సిద్ధాంతాలను యథాతథంగా అరబ్బు వార్డుల మీద పరచడాన్ని ఈ గ్రంథం గట్టిగానే ప్రశ్నించింది. దాని విలువ కాదనలేనిది. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. ఆ నమూనాలో నర్సు, రోగి ఒకే భాషలో, ఒకే విశ్వాసంలో నిలబడి ఉంటారు. తిరువల్ల నుంచో తెనాలి నుంచో వెళ్ళిన క్రైస్తవ, హిందూ నర్సు ఆ నెలవంకలో ఎక్కడ నిలబడాలి? అసలు ఇబ్బంది మొదలయ్యేది ఆమె దగ్గరే.

అలాగని ఆమెకు అరబ్బీ రాదనుకోవడం పొరపాటు. కొన్ని నెలల్లోనే ఒక అరబ్బీ వస్తుంది. గల్ఫ్ దేశాలలో వలస కార్మికులకూ స్థానికులకూ నడుమ పుట్టిన ఆ మిశ్రమ భాషను జె.ఆర్. స్మార్ట్ 1990లో ఒక వ్యాసంలో తొలిసారిగా భాషాశాస్త్ర దృష్టితో వర్ణించాడు. తరువాత అది ‘గల్ఫ్ పిడ్జిన్ అరబిక్’ పేరుతో స్థిరపడింది. అందులో క్రియారూపాలు అరిగిపోయి ఉంటాయి. ఉండడానికి ‘ఫీ’, లేకపోవడానికి ‘మాఫీ’. స్త్రీ అయినా పురుషుడైనా ఎదుటి మనిషి ‘ఇన్తా’యే. జగిత్యాలలోనైనా రాయచోటిలోనైనా గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారి నోట ఈ ‘మాఫీ’ ఇప్పటికీ వినిపిస్తుంది. దానికీ రుణమాఫీలోని మాఫీకీ సంబంధం లేదు. కఫీల్ ఆజ్ఞాపించడానికి, పనివాడు అవుననడానికి, కూరగాయల బేరానికి ఈ భాష చక్కగా సరిపోతుంది. అది పుట్టింది అందుకే. మర్యాద చూపవలసిన అవసరం దానికి ఎన్నడూ కలగలేదు. ‘మాఫీ ముష్కిలా’, అంటే ఏ ఇబ్బందీ లేదు అన్న మాటను సామాను దించేటప్పుడు అన్నట్టే, చివరి ఊపిరి తీస్తున్న మనిషి చెవి దగ్గరా అనవలసి వస్తే, లోపం నర్సు మనసులో లేదు. ఆమె చేతికి అందిన భాష అంతవరకే వస్తుంది.

సౌదీ సమాజంలో పెద్దవారిని ఒట్టి పేరుతో పిలవడం మర్యాద అనిపించుకోదు. పెద్ద కొడుకు పేరుతో అబూ ఖాలిద్ అనో ఉమ్ అబ్దుల్లా అనో పిలుస్తారు. దీనిని కున్యా అంటారు. ముక్కూముఖం తెలియని ముసలమ్మను ‘యా ఖాలా’ అంటారు, అంటే తల్లి తోబుట్టువు. పెద్దాయనను ‘యా అమ్మ్’ అంటారు, అంటే తండ్రి తోబుట్టువు. తెలుగు వినేవారికి ఇదేమీ వింత కాదు. బస్సులో పక్క సీటు ఆవిడను పెద్దమ్మా, పిన్నీ అనే నోటికి ఖాలా అనడం నేర్పనక్కరలేదు. ఆ మాట ఉందని ఒకరు చెబితే చాలు. మన వ్యాకరణం సంబోధనను ప్రథమా విభక్తిలోనే చేర్చి ‘సంబోధన ప్రథమ’ అంది. కర్తకు ఏ విభక్తో పిలుపుకూ అదే. వాక్యంలో క్రియ చేయలేనివాడైనా పిలుపులో కర్త స్థానంలోనే నిలబడతాడన్నది వ్యాకర్తలు ఉద్దేశించిన అర్థం కాకపోవచ్చు గానీ, ఐసీయూ మంచానికి మాత్రం ఆ అన్వయం చక్కగా కుదురుతుంది.

ఆసుపత్రి నియమాలు పేరును పట్టించుకోవని కాదు. రోగిని గది నంబరుతో కాకుండా కనీసం రెండు గుర్తింపులతో, సాధారణంగా పేరు, రికార్డు నంబరుతో, పోల్చుకోవాలని అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు చెబుతాయి. నర్సు చేతిపట్టీ మీద పేరు చూస్తుంది, చదువుతుంది, సరిచూసుకుంటుంది. ఆ పేరు మందు తప్పు మనిషికి పోకుండా కాపాడుతుంది. కానీ చేతిపట్టీ మీద కున్యా ఉండదు. అది కావాలంటే బయట కూర్చున్న కొడుకునో కూతురునో అడగాలి. ‘మీ అమ్మను ఇంట్లో ఏమని పిలుస్తారు?’ అన్న ఒక్క ప్రశ్న చేర్చడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. అది చేర్పు ఫారంలో ఎందుకు లేదన్నదే విచిత్రం. పైగా ఆ వార్డులోనే నర్సును అందరూ ‘సిస్టర్’ అని పిలుస్తారు. బంధుత్వం పెట్టి పిలిపించుకుంటున్న మనిషికి తిరిగి బంధుత్వం పెట్టి పిలిచే వీలు లేకపోవడం ఏకపక్ష వ్యవహారం.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే అనుకుంటే విషయం సగమే అర్థమైనట్టు. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించిన గ్లాస్గో కోమా స్కేలు నర్సు గొంతును ఒక కొలత పరికరంగా మార్చింది. పిలిస్తే కళ్ళు తెరిచాడా, చెప్పిన పని చేశాడా, మాట పొందికగా ఉందా. ప్రతి దానికీ అంకెలు. అరబ్బీలో కళ్ళు తెరువు అనడానికి పురుషుడితో ‘ఇఫ్తహ్’, స్త్రీతో ‘ఇఫ్తహీ’ అంటారు. ఎడారి పల్లె నుంచి వచ్చిన వృద్ధురాలిని ఇంగ్లీషులోనో, పురుషరూపంలోనో, పరాయి ఉచ్చారణతో ఆజ్ఞాపిస్తే ఆమె కదలకపోవచ్చు. అప్పుడు కేస్ షీటులో పడే తక్కువ అంకె ఆమె మెదడుదా, ఆ వాక్యానిదా? 2024 ఆగస్టులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడిన ఒక బహుళ దేశాల అధ్యయనం ఈ అనుమానాన్ని ఇంకా పదును పెట్టింది. ఆదేశాలకు బయటికి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, చెప్పిన పనిని మనసులో చేస్తున్నట్టు మెదడు పరీక్షల్లో కనిపించింది. అందరూ వింటున్నారని దీని అర్థం కాదు. వినడం లేదని ఏ ఒక్కరి విషయంలోనూ ముందుగా తీర్మానించుకోలేమని మాత్రం అర్థం. ఇక వారు వింటున్నది ఏ భాష అన్నది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

నిజం చెప్పడం అన్న సమస్య దీనికి తోడవుతుంది. సౌదీలో చాలా కుటుంబాలు వ్యాధి తీవ్రతను రోగికి చెప్పవద్దని కోరతాయి. తెలుగునాట క్యాన్సర్ వార్డు చూసినవారికి ఇదీ కొత్త కాదు. చికిత్సను ఎక్కడ ఆపాలన్న నిర్ణయం వైద్యులది. నిపుణులైన, నమ్మదగిన ముగ్గురు వైద్యులు ప్రయోజనం లేదని తేల్చినప్పుడు పునరుజ్జీవన ప్రయత్నం అక్కరలేదని, ఈ విషయంలో బంధువుల అభిప్రాయం ప్రమాణం కాదని 12086వ నంబరు ఫత్వా 1980ల చివరలోనే చెప్పింది. వైద్యులు నిర్ణయించి పక్క మంచానికి వెళతారు. బంధువులు వచ్చే వేళలు ఉంటాయి. మిగిలిన గంటలన్నీ నర్సువే. రోగం పేరు చెప్పకూడదు, తగ్గిపోతుందని అబద్ధం చెప్పడం సరికాదు, మౌనంగా వస్తువును తిప్పినట్టు తిప్పకూడదు. అయితే ఏం మాట్లాడాలి?

ఇక్కడ పాట్ ఆష్‌వర్త్ 1980లో ప్రచురించిన ‘కేర్ టు కమ్యూనికేట్’ను మళ్ళీ తెరవాలి. బ్రిటన్ ఐసీయూలలో నర్సులు రోగులతో మాట్లాడే తీరును దగ్గర నుంచి గమనించిన తొలి రచనలలో అది ఒకటి. మాటలు క్లుప్తంగా ఉన్నాయని, ఎక్కువగా చేస్తున్న పని చుట్టూనే తిరిగాయని ఆమె తేల్చారు. అప్పటి నుంచి ‘పనికి పరిమితమైన మాట’ అన్నది నర్సింగ్ రచనల్లో ఒక నిందగా స్థిరపడింది. ఆమె గమనిక సరైనదే. దానికి తరువాతివారు కట్టిన విలువే తొందరపాటు. ‘ఖాలా, ఇప్పుడు మిమ్మల్ని కుడివైపుకు తిప్పుతున్నాను’, ‘నీళ్ళు కొంచెం చల్లగా ఉంటాయి’, ‘డాక్టరు వస్తున్నారు, ముసుగు సర్దుతున్నాను’ అన్నవి పని మాటలే. వాటిలో ఒక్క అబద్ధమూ లేదు, ఏ రహస్యమూ బయటపడదు. తన శరీరానికి ఏం జరగబోతున్నదో ముందుగా తెలుసుకునే హక్కు ఆమెకు ఇంకా ఉందని ప్రతి వాక్యమూ ఒప్పుకుంటుంది. స్పృహ లేని స్త్రీ జుట్టు మీద, మగ డాక్టరు రాకముందే, గుడ్డ కప్పడం మాట లేకుండా చేసిన సంబోధనే. ఆ పనితో పాటు ఒక మాట కూడా పలికితే, గుడ్డ కప్పింది నియమం కోసం కాదని, ఆమె కోసమని తేలుతుంది. పొడుగాటి ఓదార్పు ప్రసంగాలకు ఏ నర్సుకూ తీరిక ఉండదు, సౌదీలో భాష కూడా ఉండదు. ఇలాంటి పదిహేను ఇరవై చిన్న వాక్యాలను సరైన లింగరూపంలో, సరైన పిలుపుతో నేర్పడం మాత్రం ఏ ఆసుపత్రికైనా ఒక వారం పని.

మరణం దగ్గరపడ్డాక అరబ్బీ సంప్రదాయమే ఒక మాటను సిద్ధంగా ఉంచింది. చనిపోతున్నవారి చెవిన పడేలా విశ్వాస వాక్యాన్ని పలకడాన్ని తల్కీన్ అంటారు. దీని గురించి విదేశీ నర్సులకు ఇచ్చే సూచనలలో సాధారణంగా ఒక్క వాక్యమే ఉంటుంది: కుటుంబాన్ని రానివ్వాలి, ఏకాంతం కల్పించాలి. కానీ తల్కీన్ మర్యాదలను ఇస్లామీయ శాస్త్రకారులు విస్తారంగా చర్చించారు. ఆ చర్చలో నర్సింగుకు పనికివచ్చే సూక్ష్మత ఎంతో ఉంది. ‘అను, అను’ అని ఒత్తిడి చేయకూడదు. పక్కన కూర్చుని మృదువుగా, వినబడేలా పలకాలి. ఒకసారి ఆ మనిషి పలికితే మళ్ళీ మళ్ళీ అనిపించకూడదు. మధ్యలో వేరే మాట ఏదైనా వస్తేనే తిరిగి గుర్తుచేయాలి. విసుగు కలిగించి, ప్రాణం పోయేవేళ ఆ మనిషి నోట అయిష్టపు మాట రప్పించకూడదన్న జాగ్రత్త అది. గ్లాస్గో స్కేలులో పిలుపు జవాబు రాబట్టడానికి; తల్కీన్‌లో పిలుపు జవాబు అడగదు. 2020 నాటి వీడియోలోని కంఠానికీ దీనికీ ఉన్న దూరం కూడా అదే.

అర్ధరాత్రి, బంధువులు రాలేని సమయంలో, ముస్లిం కాని నర్సు ఏం చేయాలన్నదానికి జవాబు ఒకటే కాదు. ముస్లిం సహోద్యోగిని పిలవవచ్చు, ఫోను స్పీకరు ద్వారా కొడుకు గొంతును చెవి దగ్గర పెట్టవచ్చు. తానే ఆ మాట పలకడం కపటమా, సేవా అన్నది ఆమె మనస్సాక్షికి సంబంధించినది, దాని మీద వార్డులో ఉత్తర్వులు జారీ చేయడం తగదు. అయితే ఆ మాట వెనక ఉన్న భావం తెలుగు నర్సుకు పరాయిది కాదు. చివరి ఘడియల్లో నోట తులసి తీర్థం పోసి చెవిలో నారాయణ నామం చెప్పే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కాశీలో మరణించేవారి చెవిలో శివుడే తారకమంత్రం చెబుతాడని నమ్మకం. ఏర్చూరి సింగన తెలిగించిన భాగవత షష్ఠస్కంధంలోని అజామిళుడు అంత్యకాలంలో పిలిచింది దేవుణ్ణి కాదు, కొడుకును. కొడుకు పేరు నారాయణుడు కావడం వల్ల కథ మలుపు తిరిగింది. ఇంటి పిలుపే మోక్షమంత్రం అయిన ఆ కథ కున్యాతో పిలిచే జాతికి చెబితే వెంటనే అర్థమయ్యేదేమో.

భాష అడ్డు లేనిచోట ఈ పలకరింపు ఎంత దూరం వెళ్ళగలదో తెలుసుకోవడానికి ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి చాలు. 1973 నవంబరు 27న ఆ ఆసుపత్రిలోనే పనిచేసే నర్సు అరుణా శాన్‌బాగ్ అక్కడే దాడికి గురై మెదడు దెబ్బతిని మంచాన పడ్డారు. 2015 మే 18న చనిపోయేవరకు, 41 ఏళ్ళకు పైగా, తరం తరువాత తరం నర్సులు ఆమెను చూసుకున్నారు. 2011 మార్చి 7న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఆమె తరఫున మాట్లాడే ఆత్మీయులుగా ఆ ఆసుపత్రి సిబ్బందినే గుర్తించింది. ఆమె బాధను పొడిగించారన్న విమర్శ ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది, దానిని తోసిపుచ్చనక్కరలేదు. కానీ రక్తసంబంధం లేనివారు ఆత్మీయులు ఎలా అయ్యారంటే, రోజూ మంచం పక్కన నిలబడి పేరు పెట్టి పలకరించడం వల్ల కూడా అయ్యారు. రియాద్‌లోనో దమ్మామ్‌లోనో రెండేళ్ళ కాంట్రాక్టు మీద ఉన్న నర్సుకు అంత కాలమూ లేదు, ఆ భాషా లేదు. ఉన్న కొద్ది గంటల్లో ఆ స్థానానికి దగ్గరగా చేరడానికి ఆమెకు దొరికే సాధనం ‘యా ఖాలా’ లాంటి ఒక్క పిలుపు.

డేవిడ్ సడ్‌నవ్ 1967లో రాసిన ‘పాసింగ్ ఆన్’లో అమెరికన్ ఆసుపత్రి దృశ్యం ఒకటి ఉంది. ఒక నర్సు చనిపోబోతున్న స్త్రీ కనురెప్పలను మూసే ప్రయత్నం చేస్తూ ఉంటుంది. ప్రాణం పోయాక కండరాలు బిగుసుకుంటాయి, అప్పుడు మూయడం కష్టమని ఆమె లెక్క. శరీరం ఇంకా ఊపిరి తీస్తుండగానే మనిషిని శవంగా లెక్కించడాన్ని సడ్‌నవ్ ‘సామాజిక మరణం’ అన్నాడు. ఇస్లామీయ ఆచారంలోనూ కనురెప్పలు మూయాలి. కానీ ప్రాణం పోయాకే, ప్రార్థన పలుకుతూ, మృదువుగా. సౌదీ వార్డులో ఆ క్షణాన కుటుంబం పక్కనే ఉంటే నర్సు తన చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. కొడుకు ముందుకు వంగి కళ్ళు మూస్తాడు, గడ్డం కిందుగా గుడ్డ కడతాడు. కుటుంబం లేకపోతే ఆ పని ఆమే చేస్తుంది. చేతి గ్లవ్ తీయకముందు ఇంకొకసారి, ఇక ఏ స్కేలూ అంకె వేయని చోట, ‘ఖాలా’ అంటుంది.